మంజీర ఒడ్డున నాలుగు రోజులు

కామన్‌గిరి,
18 నవంబరు 1959.

రేవణ్ణా,

నీ ఉత్తరం చేరింది. బడిలో లెక్కలు చెప్పి చెప్పి నీ ఉత్తరాలు కూడా లెక్కల్లాగే తయారయ్యాయి. ఒకటి, ఆరోగ్యం బాగుంది. రెండు, జొన్న బాగుంది. మూడు, గిరిజమ్మ క్షేమం. ఇలాగైతే ముప్పై నిండకముందే ముసలివాడివైపోతావు. అందుకని నీ తరఫున నేనే ఒక నిర్ణయం తీసుకున్నాను. డిసెంబరు సెలవుల్లో మనిద్దరం సైకిళ్ల మీద మంజీర లోయ తిరుగుతున్నాం.

బీదరు బోర్డింగులో ఉన్నప్పుడు కోట బురుజు ఎక్కి కిందికి చూసి, ఆ ఏరు ఎటు పోతుందో దాని వెంటే పోదాం అనుకునేవాళ్లం, జ్ఞాపకం ఉందా? ఇప్పుడు ఆ కోట మైసూరు రాష్ట్రంలోకి పోయింది, నువ్వు పంతులువయ్యావు, నేను వకీలు చదువు సగంలో వదిలి గడిలో కూచున్నాను. ఇంకా ఆగితే ఏరు కూడా ఎటో పోతుంది. మొదటి రోజు బీదరు. అక్కడ ఒక నవాబుగారు ద్రాక్ష పందిళ్లు వేశాడట, చూడాలి. తర్వాత ఘాటు దిగి ఏటి వెంట నడక. రాత్రి మకాములకు దిగులు లేదు, ఆ ఒడ్డు పొడుగునా మా చుట్టాల గడీలే.

నాన్నగారు ఒక చిన్న పని కూడా అంటగట్టారు. మన కౌలుదారులున్న రెండు మూడు ఊళ్లలో కొన్ని కాగితాల మీద వేలిముద్ర నిశాన్లు వేయించుకురావాలి. మంజీరకు ఆయిల్ ఇంజను పెట్టి నీళ్లు ఎత్తిపోసే అర్జీ. అరగంట పని. భయపడకు, నీ శాకాహారానికి ఏ గడిలోనూ లోటు రానివ్వను.

నీ
మాణిక్

*

జహీరాబాద్,
27 నవంబరు 1959.

ప్రియమైన మాణిక్,

వస్తాను. నీ ఉత్తరం చదివి గిరిజమ్మ, "పిల్లల తండ్రివైనంక సైకిలెక్కి ఊరేగుడేంది?" అని నవ్వింది. నవ్వుతూనే దారికి సజ్జ రొట్టెలూ కుసుమల పొడీ చేసిస్తానంది. సైకిల్‌కు కొత్త గొలుసు వేయించాను. పంతులైన ఈ ఆరేళ్లలో బడికీ ఇంటికీ తప్ప ఎటూ తొక్కలేదు. నీ ఉత్తరం వచ్చినప్పటి నుంచి క్లాసులో కూడా ఏరే కనిపిస్తోంది.

కాగితాల పని నాకేం బరువు? సాక్షి సంతకం కావాలంటే పెడతాను. ఊళ్లలో పంతులు సంతకానికి ఇంకా కాస్త మర్యాద ఉంది.

నీ
రేవణసిద్ధప్ప

*

జహీరాబాద్,
9 జనవరి 1960.

ప్రియమైన మాణిక్,

తొడల నొప్పులు నిన్నటికి తగ్గాయి. మనసు మాత్రం ఇంకా లోయలోనే తిరుగుతోంది. నా జీవితంలో ఇంత సంతోషంగా గడిచిన రోజులు వేరే లేవు. పెళ్లి రోజులు కూడా కావు. గిరిజమ్మకు చెప్పకు.

ఎర్రమట్టి రోడ్డు మీద బీదరు చేరేసరికి మన ధోవతులు, కనుబొమలు, పళ్లు కూడా ఎర్రబడ్డాయి. కోట కందకంలోకి తొంగి చూసి నువ్వు నీ పేరు కేకేస్తే రాయి మూడుసార్లు తిరిగి పలికింది. నా పేరు పొడుగు కదా, రెండుసార్లకే అలిసిపోయింది. నవాబుగారి తోటలో కాయలు లేవు గాని, ఆ పందిరి కింద ఎండ ఆకుల్లోంచి పచ్చగా కారుతుంటే నువ్వు మాట మానేసి అలా నిలబడిపోయావు. నిన్ను నోరు మెదపకుండా నేను చూసింది అప్పుడొక్కసారే.

ఘాటు దిగేటప్పుడు బ్రేకులు పట్టక నువ్వు శనగ చేలోకి దూసుకుపోవడం, ఆ చేను మనిషి తిట్టడానికి వచ్చి నిన్ను గుర్తుపట్టి పచ్చి శనగ పీకి ఇద్దరికీ ఒడినిండా ఇవ్వడం, ఇసుకలో సైకిళ్లను ఈడ్చుకుంటూ పోయి పుట్టిలో ఏరు దాటడం... పుట్టివాడు, "సారూ, మనిషిని దాటిస్త గాని గీ ఇనుప గుర్రాన్ని దాటిస్తే మునుగుతం" అన్నాడు చూడు, ఆ మాట బడిలో పిల్లలకు చెప్పి నవ్వించాను. సాయంత్రాలు ఏటి మలుపు తిరగగానే గుట్ట మీద గడి బురుజులు కనిపించేవి. నీకు అవి చుట్టాల ఇళ్లు. చిన్నప్పుడు నేను అలాంటి గోడల పక్క నుంచి చెప్పులు చేత పట్టుకుని నడిచినవాణ్ణి. ఇప్పుడు నీ పక్కన లోపలికి నడిచి వెళ్లాను.

మనం రాత్రి మకాం చేసిన నాగన్‌చెల్క దాటిన తర్వాతి సంగతులు అంతగా గుర్తులేవు. కాళ్ల నొప్పుల్లో పడిపోయాను. కాగితాలు నాన్నగారికి చేరాయనుకుంటాను. మళ్లీ ఎప్పుడు?

నీ
రేవణసిద్ధప్ప

*

హైదరాబాద్,
2 మార్చి 1961.

రేవణ్ణా,

ఏడాదిగా ఉత్తరం రాయనందుకు తిట్టుకో, ఫరవాలేదు. ఆ రోజు నవాబుగారి పందిరి కింద నాకు పట్టిన పిచ్చి ఇప్పుడు ముదిరింది. అనాబ్-ఎ-షాహీ ద్రాక్ష అంట్లు కొన్నాను. గుత్తికి గుత్తి సేరు తూగుతుందట. ఇప్పలవాడి ఊరి దగ్గర ఏటి గడ్డ నేల చూసి ఇక్కడి నిపుణుడొకాయన, "ఇది ద్రాక్ష కోసమే పుట్టిన మట్టి" అన్నాడు. పందిరి నిలబెట్టడానికి రాతి కడీలు దింపిస్తున్నాను. తీగె కట్టాలి, ఇంజను బిగించాలి. మూడేళ్లలో మంజీర ఒడ్డు ఎలా మారుతుందో చూద్దువు గాని. పైన గడి, కింద ద్రాక్షతోట, దాని కింద ఏరు!

భూమి మీద పరిమితి పెట్టే చట్టం వస్తోందని అందరూ గుండెలు బాదుకుంటున్నారు. తోటలకు మినహాయింపు ఉంటుందని మా వకీలు ధీమాగా ఉన్నాడు. కాబట్టి ద్రాక్ష నాకు పిచ్చే కాదు, తెలివి కూడా.

మొదటి గుత్తి నీకే పంపుతాను.

నీ
మాణిక్

*

జహీరాబాద్,
16 జులై 1962.

మాణిక్,

మొన్న మధ్యాహ్నం ఇప్పలవాడి సంగప్ప బడికి వచ్చాడు. గుర్తుండే ఉంటాడు. వాళ్ల వాకిట్లో మంచం వేసి కూచోబెట్టి మనకు మజ్జిగ ఇచ్చిన మనిషి. అతని తాత కాలం నుంచీ మీ ఏటి గడ్డ నేల కౌలుకు చేస్తున్నారు. నాగలి కట్టుకుని పోతే మీ మనుషులు చేలో అడుగు పెట్టనివ్వలేదట. దున్నిన చాళ్లలో రాతి కడీలు పాతుతున్నారట. రక్షిత కౌలుదారుగా పట్వారీ పుస్తకంలో ఉన్న అతని పేరు కూడా పోయింది. అడిగితే, "నువ్వే ఇడిసి పెట్టినవ్ కదా, నిశాని ఉన్నది" అన్నారట.

పిల్లల ముందే అడిగాడు: "సారూ, గా కాయితంల ఏముండె? నీళ్ల మోటర్ అంటిరి కదా? దొర చెప్తె నేను నిశాని పెట్టకపోదును. మీరు చెప్పిన్రని పెట్టిన."

నేనేం చెప్పాలి? ఆ కాగితాలు ఉర్దూలో ఉన్నాయి. నువ్వు ఇంజను అర్జీ అన్నావు. నీ మాట నేను వాళ్లకు చెప్పాను. నా సంతకం వాటి కింద ఉంది. ఆ కాగితాలు ఏమిటో నాకు నీ చేత్తో రాసి పంపు. తిరుగు టపాలో.

రేవణసిద్ధప్ప

*

కామన్‌గిరి,
4 ఆగస్టు 1962.

రేవణ్ణా,

ఎంత కోపం! సంగప్పకు ఇంకో చోట నేల చూపిస్తామని నాన్నగారు కబురు చేశారు. గుట్ట కింద, మెరక చేను. అతనే మొండికేశాడు.

కాగితాలు రాజీనామాలు. కౌలు హక్కు ఇష్టపూర్వకంగా వదులుకుంటున్నామని. ఇంజను సంగతి అబద్ధం కాదు, ఇంజను బిగించాం, వచ్చి చూసుకో. అయినా ఆ జొన్న చేలల్లో వాళ్లు బాగుపడ్డదేముంది? తోట నిలబడితే ఊరంతటికీ పని దొరుకుతుంది. నువ్వు చదువుకున్నవాడివి. ఆ మాత్రం ముందుచూపు నీకుండాలి.

ఇందులో నీకొచ్చిన నష్టమేమీ లేదు. ఫికర్ చేయకు. మన స్నేహం మధ్యకు కౌలుదార్లను తేవద్దు.

నీ
మాణిక్

*

జహీరాబాద్,
30 డిసెంబరు 1962.

మాణిక్,

సెలవులకు నేను మళ్లీ అదే దారిలో సైకిల్ తొక్కాను. ఒక్కణ్నే. నువ్వు తిరగని యాత్ర ఎలా ఉందో నీకు తెలియాలని రాస్తున్నాను.

ఏటి గాలి అప్పటిలాగే ఉంది. శనగ అప్పటిలాగే కాయ పట్టింది. ఈసారి ఎవరూ పీకి ఇవ్వలేదు. గడీల ముందు దిగలేదు. పశువుల కొట్టాల్లో, మఠం అరుగుల మీద పడుకున్నాను. నాగన్‌చెల్కలో మనం నిశాన్లు వేయించిన ఇళ్లకు పోతే రెండింటికి తాళాలున్నాయి. బొంబాయి రోడ్డు పనికి పోయారని పక్కింటివాళ్లు చెప్పారు. మిగిలిన ఇళ్లలో ఒక్కటే మాట: "దొర తోటల్నె కూలికి పోతున్నం సారూ. ఉన్న పని గూడ ఊడగొట్టకు. నీ దండం."

ఇప్పలవాడి చేరేసరికి ఎండ ఏటవాలింది. మలుపు తిరగగానే నీ తోట కనిపించింది. అబద్ధం చెప్పను, అందంగా ఉంది. కడీల వరుసలు ఏటి దాకా దిగాయి, పైన బురుజు, ఆకుల్లోంచి పచ్చటి ఎండ. ఒక్క క్షణం సైకిల్ ఆపి చూశాను. చూసినందుకు సిగ్గుపడ్డాను.

సంగప్ప లేడు. కార్తీకంలో పోయాడు. జ్వరమన్నారు. భార్య నారమ్మ చెప్పింది: "జ్వరం సాకు సారూ. పొద్దూకులు ఏలు దిక్కు జూసుకుంట కూసునెటోడు. నా తాత భూమి నా ఏలే తినేసిందే అని ఏడ్సెటోడు. ఇంకోపాలి అడగకపోతినే, సదివి చెప్పుమని సారును గట్టిగ అడగకపోతినే, నా బుద్ధి గడ్డి తిన్నదే అని."

నేను ఆమెతో, "నన్ను కూడా మోసం చేశారమ్మా, ఆ కాగితంలో ఏముందో నాకూ తెలియదు" అన్నాను. ఆమె నన్ను ఓదార్చింది, మాణిక్. "నువ్వేం జేస్తవ్ సారూ, నిన్ను గూడ ముంచిన్రు" అని లోపలికి పోయి రెండు జొన్న రొట్టెలు తెచ్చి పెట్టింది. తిన్నాను.

ఆమె చేత దావా వేయిస్తున్నాను. సాక్షిగా నేను నిలబడతాను. నీకు ముందే చెప్పాలనిపించింది, చెప్పాను.

రేవణసిద్ధప్ప

*

కామన్‌గిరి,
20 జనవరి 1963.

శ్రీ రేవణసిద్ధప్ప గారికి,

మీ ఉత్తరం అందింది. ఈ విషయంలో ఇకపై మా వకీలు ద్వారా మాట్లాడగలరు. సర్కారు జీతం తీసుకునే ఉపాధ్యాయులు దావాల్లో తలదూర్చడం మీ పైవారికి తెలిస్తే బాగుండదని ఒకప్పటి స్నేహం కొద్దీ చెప్తున్నాను.

మాణిక్‌రావు

*

కామన్‌గిరి,
6 అక్టోబరు 1963.

రేవణ్ణా,

మళ్లీ ఈ పిలుపుతో రాయగలుగుతున్నందుకు సంతోషంగా ఉంది. నారమ్మ దావా కొట్టేశారు. నీకు ఈపాటికి తెలిసే ఉంటుంది.

ఆ రోజు విచారణలో మా వకీలు నిన్ను అడిగిన ప్రశ్న ఒక్కటే. కాగితం చదివారా, లేదా? నేను వెనక బెంచీలో కూచుని ఉన్నాను. నువ్వు, "చదవలేదు. మాణిక్‌రావు చెప్పింది నమ్మాను" అన్నావు. ఉర్దూలో చదువుకుని, ఉర్దూలో పాఠాలు చెప్పిన మనిషి కాగితం చదవకుండా సంతకం పెట్టాడంటే ఎవరు నమ్ముతారు? దావా గెలిపించడానికి ఇప్పుడు మాట మారుస్తున్నాడని అధికారి తీర్పులో రాశాడు. నీ సాక్ష్యం అక్కడే తేలిపోయింది.

నువ్వు చదివావు, రేవణ్ణా. నాగన్‌చెల్క గడిలో పొద్దున నేను బావి దగ్గర స్నానం చేసి వస్తుంటే నువ్వు దర్వాజా ఎండలో నా సంచీ ఒళ్లో పెట్టుకుని చదువుతున్నావు. నేను స్తంభం వెనక ఆగాను. నువ్వు అడిగితే ఏం చెప్పాలా అని ఆలోచించాను. నువ్వు కాగితాలు మడిచి, సంచీలో ఉన్నవి ఉన్నట్టే పెట్టి, పంపు తెచ్చి నా సైకిల్‌కు కూడా గాలి కొట్టావు. ఆ మధ్యాహ్నమే మనం ఇప్పలవాడి పోయాం.

"చదివాను, తెలిసే వాళ్లకు అబద్ధం చెప్పాను" అని నువ్వు విచారణలో ఒక్క మాట అని ఉంటే నేను మునిగేవాణ్ణి. నువ్వు అనలేదు. ఎవరి కోసం అనలేదో నేను అడగను. నా కోసమే అనుకుంటాను. ఫిబ్రవరిలో మొదటి కాపు కోత. రా.

నీ
మాణిక్

*

కోహీర్,
23 ఆగస్టు 1964.

మాణిక్,

నీ ఉత్తరం వచ్చిన రోజు గిరిజమ్మ దాన్ని నా చేతిలోంచి తీసుకుని చదివించుకుంది. విచారణకు ముందు రోజు నన్ను, "ఇంట్ల ముగ్గురు పిల్లలున్నరు. సదవలేదన్నవ్ కదా, గంతే చెప్పు, నౌకరీ ఉంటది" అని బతిమాలింది తనే. ఉత్తరం విన్నాక దాన్ని మడిచి నా చేతికిచ్చింది. తర్వాత, "నాకు గూడ సదవలేదనే చెప్పినవ్ కదా" అంది. ఆ తర్వాత బతిమాలలేదు.

నారమ్మ సంగారెడ్డిలో అప్పీలు చేసుకుంది. అక్కడ నేను నిజం చెప్పాను. కాగితం చదివాననీ, దస్త్‌బర్దార్ అంటే హక్కు వదులుకోవడమని నాకు తెలుసుననీ, తెలిసే సంగప్పతో నీళ్ల మోటరు అర్జీ అన్నాననీ. నీ ఉత్తరం దాఖలు చేశాను. నువ్వు అక్కడ లేవు, నీ వకీలు ఉన్నాడు. మిగతా సంగతి నీకు తెలిసిందే. నారమ్మ నేల నారమ్మకు వచ్చింది. నిశాని వేసిన మిగిలిన పదిమంది కౌలుదార్లూ అప్పీలుకు రాలేదు. నీ తోటలో పని పోతుందని భయపడ్డారు. వాళ్ల నేల నీకే దక్కింది. నేను వాళ్ల ఇళ్లకు మళ్లీ పోయాను, తలుపులు తీయలేదు.

నా మీద విచారణ మొదలుకాకముందే ఉద్యోగం వదులుకున్నాను. కాగితం మీద "రాజీనామా" అని రాస్తుంటే చెయ్యి ఆగింది. ఇప్పుడు కోహీర్‌లో మామగారి పొలంలో అల్లం వేస్తున్నాను. నన్ను సారూ అని పిలిచేవాళ్లు ఇక్కడ ఎవరూ లేరు. అది బాగానే ఉంది.

కిందటి వారం ఇప్పలవాడి పోయాను. బస్సులో నాగన్‌చెల్క దాకా పోయి, అక్కడి నుంచి నడిచాను. నారమ్మ చేలో ఉంది. కడీలు పీకడం ఒక్కదాని వల్ల కాదు, అవి అలాగే నిలబడి ఉన్నాయి. వాటి మధ్యనే పెసలు వేసింది, నీ తీగెలు కోసి గట్టు మీద చుట్టలు పెట్టింది. నన్ను చూసి పని ఆపలేదు.

"తీర్పు సదివి చెప్పిన్రు నాకు" అంది. "నువ్వు ముందుగాలనే సదివినవంట."

అవునన్నాను.

"మా ఆయన సచ్చేదాక తన్నే తిట్టుకున్నడు. నా బుద్ధే గడ్డి తిన్నదనుకుంట పోయిండు. నీకు ఎరికె ఉండె. నువ్వు వచ్చి నా రొట్టె తింటివి. గప్పుడన్న చెప్పకపోతివి."

ఆమె కొడవలి పక్కన పెట్టి మొదటిసారి నా మొహంలోకి చూసింది.

"ఎందుకు చెప్పలే?"

నిన్ను కాపాడటానికని ఆమెతో అనలేకపోయాను, మాణిక్. అది నువ్వు అనుకుంటున్న మాట, నిజం కాదు. గడి దొరలకు భయపడ్డానని కూడా అనలేకపోయాను. ఆ పొద్దున నాకు భయమేమీ లేదు. పైగా అప్పటికి కాగితాలు నా చేతిలోనే ఉన్నాయి. నిన్ను ఒక్క మాట అడిగితే సరిపోయేది. కాని అడిగితే నువ్వు ముఖం ముడుచుకుంటావు, మాటా మాటా పెరుగుతుంది, ఎవరి దారిన వాళ్లం ఇంటికి తిరిగి వస్తాం. ఇంకా రెండు రోజుల దారి మిగిలి ఉంది. ఏరు ముందుంది. ఎండ బాగుంది. నా బతుకులో ఎన్నడూ ఎరగని సంతోషంలో ఉన్నాను. దాన్ని చెడగొట్టుకోవాలని లేకపోయింది.

అదే ఆమెకు చెప్పాను. "సైకిల్ మీద తిరుగుతున్నం తల్లీ. మస్తు సంబురంగ ఉండె. అది పాడైతదని చెప్పలే."

ఆమెకు అర్థం కాలేదేమో అనుకున్నాను. అర్థమైంది. కొంగుతో మొహం తుడుచుకుని, "గింతదానికా?" అంది. నన్ను తిట్టలేదు. కొడవలి తీసుకుని పెసల సాలులోకి వంగింది. పొద్దు తిరిగేదాకా గట్టు మీదే నిలబడ్డాను. ఆమె మళ్లీ తల ఎత్తలేదు.

నాకు ఉత్తరాలు రాయకు.

రేవణసిద్ధప్ప